వశిష్ఠను నాలుగుసార్లు దాటాం

నరసాపురంలో రైలు దిగి అంతర్వేది వెళ్లాలంటే మాధవాయిపాలెం రేవులో పంటు (జనాన్నీ బళ్లనీ దాటించే ఇంజను పడవ) ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి, అవతల సఖినేటిపల్లిలో దిగాలి. చించినాడ వంతెన మీదుగా కారులో వెళ్దామన్నారు మా ఆయన. పంటు మీద జనం, బళ్ల హారన్లు, బాబు తట్టుకోలేడని ఆయన టెన్షన్. మా అత్తయ్య మాత్రం రేవు దాటే వెళ్లాలన్నారు. మనవడికి మాటలు రావాలని అంతర్వేది నరసింహస్వామికి మొక్కుకున్నారావిడ. భీష్మ ఏకాదశి రథోత్సవానికి జనం విరగబడతారని, మేం మామూలు మంగళవారం చూసుకుని బయల్దేరాం.

బాబుకి నాలుగున్నరేళ్లు. రెండున్నరేళ్లప్పుడు ఆటిజం అన్నారు. పిలిస్తే తిరిగి చూడడు. ఏదైనా కావాలంటే వేలితో చూపించడు. నా మణికట్టు పట్టుకుని లాక్కెళ్లి, నా చేతిని ఫ్రిజ్ తలుపు మీదో, నీళ్ల సీసా మూత మీదో పెడతాడు. అడగడం వేరు, చూపించడం వేరు అని థెరపిస్టు మొదట్లోనే చెప్పారు. "చూడమ్మా, ఎంత బాగుందో" అని పంచుకోవడం ఈ పిల్లలకి కష్టం, దాని కోసం ఓపిగ్గా ఎదురుచూడండి అన్నారు. రెండేళ్లుగా చూస్తూనే ఉన్నాను.

పంటు ఎక్కగానే హారన్లకి చెవులు మూసుకున్నాడు. హెడ్‌ఫోన్స్ పెట్టాను. ఇంజను స్టార్టయ్యాక తనే వాటిని తీసేసి, ఇనుప రెయిలింగుకి చెంప ఆనించి కూర్చున్నాడు. రెండు చేతులూ రెక్కల్లా ఆడిస్తున్నాడు. ఆ చేతులు ఆపించడానికి మొదటి ఏడాది ఎంత తంటాలు పడ్డామో! అది వాడి సంతోషమని తెలిసేసరికి చాలా ఆలస్యమైంది.

కాసేపటికి లేచొచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. దాహమేమోనని సీసా మూత తీశాను. తోసేశాడు. నా అరచేతిని తీసుకెళ్లి రెయిలింగు మీద పెట్టాడు. ఇంజను అదురు ఇనుములోంచి మోచేతిదాకా జుమ్మంటూ పాకింది. వాడు నా ముఖంలోకి చూశాడు. రెండు క్షణాలుంటుందేమో. అక్కడ నేను తెరవాల్సిన మూత లేదు, తీసి ఇవ్వాల్సిన వస్తువు లేదు. అది నాకూ తెలియాలని పెట్టాడంతే.

సఖినేటిపల్లిలో అందరూ దిగారు. వాడు రెయిలింగు వదల్లేదు. లాగితే ఏడుపు ఆగదని నాకు గుండెదడ. టికెట్లు కోసే ఆయన చూసి, "ఉండనివ్వండమ్మా, ఇంకోసారి తిరిగొస్తే పోయేదేముందండీ" అన్నాడు. తిరుగు పంటులో చేపల బుట్టతో ఎక్కినావిడ అడిగింది, "పిల్లోడికి మాటలు రాలేదా అమ్మా?" ఎప్పుడూ ఈ ప్రశ్నకి నా గొంతు పట్టేసేది. "ఇంకా రాలేదండీ, ఇంజను నచ్చింది" అన్నాను. నరసాపురం వైపుకి వెళ్లి, మళ్లీ దాటాం.

అంతర్వేదిలో దర్శనం త్వరగానే అయింది. గంటల మోతకి వాణ్ని మా ఆయన బయటే ఎత్తుకుని నిలబడ్డారు. గోదారి సముద్రంలో కలిసేచోట ఇసుకని వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తూ గంటసేపు ఆడాడు. ఎవరం ఆపలేదు.

సాయంత్రం పంటులో వాడు మళ్లీ రెయిలింగు దగ్గరికే వెళ్లాడు. ఈసారి ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. అత్తయ్య మోకాళ్లు పట్టుకుంటూ పక్కనే చతికిలబడి, "ఏదీ నాన్నా, నాకూ చూపించు" అంటూ తన చెయ్యి ఇనుము మీద ఆనించారు. వాడు ఆవిడ వైపు చూడలేదు. కొంచెం పక్కకి జరిగి చోటిచ్చాడు.