ఇంటూ గొడవ

మొన్న సంక్రాంతికి అన్నయ్య వాళ్ళు ఇంగ్లండ్ నుంచి వచ్చారు. పాలకొల్లు పక్కన కాలవగట్టు మీద ఉంటుంది మా ఇల్లు. అరుగు మీద కూర్చుని నాన్న మనవరాలికి పరీక్ష పెట్టారు. "రెండు ఇంటూ ఆరు ఎంతమ్మా?" అది తడుముకోకుండా "మూడు తాతయ్యా" అనేసింది. అంతే, లక్షలు పోసి చదివిస్తూ రెండార్లు పన్నెండని కూడా నేర్పలేదేంట్రా అని నాన్న అన్నయ్య మీద పడ్డారు.

తీరా చూస్తే పిల్ల చెప్పిందే రైటు. వాళ్ళ బడిలో 'రెండు ఇంటూ ఆరు' అంటే ఆరులో రెండు ఎన్నిసార్లు పోతుంది అని, అంటే భాగహారం. హెచ్చవేతకి వాళ్ళు టైమ్స్ అంటారు. అలాగని ఇంటూ మనం పుట్టించిందేమీ కాదు, పాత ఇంగ్లీషు లెక్కల పుస్తకాల్లో ఒక అంకెని ఇంకో అంకె 'ఇంటూ' మల్టిప్లై చెయ్యమనే రాసేవారు. వాళ్ళు వదిలేసినా మన బళ్ళు మాత్రం పట్టుకుని కూర్చున్నాయి, పైగా తప్పు రాస్తే కొట్టే గుర్తుకి కూడా అదే పేరు పెట్టేశాం. ఆ గుర్తుని 1631లో గుణకారానికి వాడి అచ్చులో పెట్టినాయన ఇంగ్లండ్ లెక్కల పండితుడు విలియం ఆట్రెడ్. ఎక్స్ అక్షరంలా ఉంది, నాకొద్దు, చుక్క పెట్టుకుంటానన్నాడు జర్మనీ లెక్కల పండితుడు లైబ్నిజ్.

నాకు ముచ్చటేసింది మాత్రం మల్టిప్లై అనే మాట. లాటిన్‌లో దాని మూలానికి అర్థం చాలా మడతలు పెట్టడం అట. మన ఇనుమడి, ముమ్మడి కూడా అలాంటివే కదా, ఇబ్బడిముబ్బడిగా అంటూ రోజూ వాడుతూనే ఉంటాం, లోపల మడత ఉందని ఎవరికి గుర్తు!

ఆ సాయంత్రం పిల్ల ధాన్యం గది గోడ మీద బొగ్గుతో రాసిన 40 × 75 చూసి "ఫార్టీ టైమ్స్ సెవెంటీఫైవ్" అని చదివింది. సార్వాలో, అంటే వానాకాలం పంటలో, ఎకరానికి నలభై బస్తాలు, బస్తాకి డెబ్భై ఐదు కిలోలు, వెరసి మూడు వేల కిలోలు. "టైమ్స్ ఏంటే, నలభై సార్లు కాటా వెయ్యాలా?" అన్నారు నాన్న. నిజంగానే వేస్తారు కదా, అది ఆయనకి తట్టలేదు.

మర్నాడు మంచం కింద చెక్క విరిగితే వడ్రంగి వచ్చాడు. కొలత చూసుకుని, "ఎనిమిది బై నాలుగు షీటు ఒకటి తెప్పించండి బాబూ" అన్నాడు. పిల్ల నా చెవిలో, "బాబాయ్, అంటే రెండా?"