బైబిల్ పేర్లూ, మా అప్పలనాయుళ్ళూ

శ్రీకూర్మం చుట్టుపక్కల కూర్మారావులు, కూర్మినాయుళ్ళు ఎంతమంది ఉంటారో లెక్కలేదు. ముఖలింగం వైపు వెళ్తే ముఖలింగాలు, అరసవల్లి దగ్గర సూర్యనారాయణలు, మా విజయనగరం వచ్చేసరికి పైడిరాజులు పైడమ్మలు, ఇంక సింహాచలం అప్పన్న పుణ్యమా అని అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనర్సమ్మ, ఆడా మగా తేడా లేకుండా సింహాచలం. హైదరాబాద్‌లో ఎవరైనా అప్పలనాయుడని చెప్పుకుంటే చాలు, "ఏటి బాబూ, ఏ ఊరు మనది" అని అడిగీయొచ్చు. ఆ పేరుకి అర్థమేంటని ఎవడూ డిక్షనరీ తియ్యడు. ఆ ఇంట్లో ఏ దేవుడికి మొక్కారో, ఏ ప్రాంతం వాళ్ళో తెలిసిపోతుంది, అంతే.

ఇదంతా ఎందుకంటే మా చిన్నాన్న కూతురికి పాప పుట్టింది. దాన్ని బొబ్బిలిలో ఇచ్చాం, అత్తారిది తాతల కాలం నుంచీ కెనడా బాప్టిస్టు మిషన్ సంఘం. "అన్నయ్యా, మంచి అర్థం ఉన్న బైబిల్ పేరు చెప్పు, యాప్‌లో చూస్తే ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంది" అని వాయిస్ మెసేజ్ పెట్టింది. నాకు ఈ పేర్ల పిచ్చి ఉందని దానికి తెలుసు.

యాప్‌ల గోల ఏంటంటే హీబ్రూ పేరుకి ఒక లైను అర్థం ఇచ్చి వదిలేస్తాయి. అసలు ఆ పేర్లు కూడా చాలామటుకు మన అప్పలనాయుడు లాంటివే, లోపల దేవుడి ముక్క ఉంటుంది. ఏల్ అంటే దేవుడు, దానియేలు అంటే దేవుడే నా న్యాయాధిపతి, మిఖాయేలు అంటే దేవుడిలాంటివాడు ఎవడు అని. ఇంకోటి యెహోవా పేరులోని ముక్క, అది చివరొస్తే యా, ముందొస్తే యో. నెహెమ్యా, జెకర్యా, ఓబద్యా ఒక రకం, యోనాతాను, యోహాను ఇంకో రకం. ఏలీయా, యోవేలు ఈ రెండు పేర్లూ చూడండి, అవే రెండు ముక్కలు అటూ ఇటూ మార్చి పెట్టినవి, రెంటికీ యెహోవాయే దేవుడు అనే భావం.

అందుకే పరాయి రాజు వచ్చి పేరు మార్చాడంటే అది ఉత్త పిలుపు మార్చడం కాదు. దానియేలు పుస్తకం మొదటి అధ్యాయంలో హనన్యా, మిషాయేలు, అజర్యా ఈ ముగ్గురి పేర్లలోనూ వాళ్ళ దేవుడున్నాడు, బబులోను వెళ్ళేసరికి షద్రకు, మేషాకు, అబేద్నెగో అయిపోయారు. మన సంఘాల్లో రికార్డుల్లో ఒక పేరు, బాప్తిస్మంలో ఇంకో పేరు ఉన్నవాళ్ళకి ఈ బాధ వేరేగా చెప్పక్కర్లేదు.

నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టమైంది బయలు పేర్ల గొడవ. ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు, ఆయన కొడుకు ఒకడు ఇష్బోషెతు అని 2 సమూయేలులో ఉంటుంది. బోషెతు అంటే సిగ్గు, అవమానం. కన్నకొడుక్కి, అదీ రాజు కొడుక్కి, ఎవరైనా అలాంటి పేరు పెడతారా? 1 దినవృత్తాంతములు 8వ అధ్యాయం తీస్తే అదే మనిషి ఎష్బయలు అని ఉంటాడు, అదీ అసలు పేరు. సౌలు ఇంకో కొడుకు యోనాతాను, అతని కొడుకు మెఫీబోషెతు కూడా అక్కడ మెరీబ్బయలు. బయలు అంటే మామూలుగా యజమాని, ప్రభువు అనే మాట, ఆ రోజుల్లో యెహోవాని కూడా అలా పిలిచేవాళ్ళు కాబోలని చాలామంది పండితుల మాట. తర్వాత్తర్వాత అది వేరే దేవుడి పేరుగా చెడ్డదైపోయింది కాబట్టి రాసేవాళ్ళు ఆ ముక్క పీకేసి సిగ్గు అనే మాట అతికించారు. తర్వాత రాజైన దావీదు సొంత కొడుకు కూడా ఒకచోట ఎల్యాదా, ఇంకోచోట బెయెల్యెదా. దావీదు ఇంట్లోనే!

ఇది ఊరికే ఊహ కాదు. 2012లో ఇశ్రాయేలులోని ఖిర్బెత్ కెయాఫా తవ్వకాల్లో పగిలిన జాడీ ముక్కలు అతికిస్తే దానిమీద ఎష్బయలు అనే పేరే చెక్కి ఉంది, దాదాపు మూడువేల ఏళ్ళ నాటిది. ఈ మనిషి సౌలు కొడుకు కాదు, తండ్రి పేరు వేరే ఉంది, కానీ ఆ కాలంలో జనం ఆ పేరు మామూలుగా పెట్టుకునేవాళ్ళని తేలింది. అంతకుముందే 1910లో పాత ఇశ్రాయేలు రాజ్యపు రాజధాని సమరయలో దొరికిన పెంకు రాతల్లో కూడా యెహోవా పేర్లూ బయలు పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. బయలు పూజ మీద ప్రవక్తలు ఎందుకంత గొంతు చించుకున్నారో ఆ పెంకులు చూస్తే అర్థమవుతుంది.

ఇంక అర్థం సంగతి. బైబిలే స్వయంగా అర్థం చెప్పిన చోట కూడా అది డిక్షనరీ అర్థం కాదు, తల్లి ఆ పూట అన్న మాట. హన్నా మొక్కుకుని కొడుకుని కన్నది, యెహోవాని అడిగి తెచ్చుకున్నాను అని వాడికి సమూయేలు అని పేరు పెట్టింది, కానీ హీబ్రూలో అడగడం అనే మాట సమూయేలులో కన్నా సౌలు పేరులో సరిగ్గా ఉంటుంది, దీని మీద పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఆదికాండం 29, 30 అధ్యాయాలైతే యాకోబు పెళ్ళాలైన అక్కచెల్లెళ్ళు లేయా, రాహేలు సవతుల పోరు మొత్తం పిల్లల పేర్లలోనే ఉంది. లేయా మొదటివాడికి రూబేను అని పెట్టి ఇప్పుడైనా నా పెనిమిటి నన్ను ప్రేమిస్తాడంటుంది, మూడోవాడికి లేవి, ఇకనైనా నాతో హత్తుకుని ఉంటాడని. అటు రాహేలు దాసికి పుట్టినవాడికి నఫ్తాలి, అక్కతో పోరాడి గెలిచానని! ఇశ్శాఖారు కథ మరీను. రూబేను పొలం నుంచి తెచ్చిన పుత్రదాత వృక్షపు పండ్లు రాహేలుకిచ్చి, బదులుగా ఆ రాత్రికి మొగుణ్ణి తెచ్చుకుంది లేయా, సాయంత్రం యాకోబు పొలం నుంచి వస్తుంటే ఎదురెళ్ళి నిన్ను కొనుక్కున్నాను అని మొహం మీదే చెప్పింది. ఆ కొడుకు పేరులో కూలి అనే మాట వినబడుతుంది. యాప్‌లో మాత్రం ఇశ్శాఖారు అంటే బహుమానం అని చక్కగా ఒక్క ముక్క.

తెలుగు బైబిల్ ఒక మేలు చేసింది, పేర్లు ఇంగ్లీషు కన్నా హీబ్రూకి దగ్గరగా ఉంచింది. తాత యాకోబు, కొడుకు జేకబ్, మనవడు జేమ్స్ ఉన్న ఇళ్ళు మా వైపు ఉన్నాయి, ముగ్గురిదీ ఒకే పేరని వాళ్ళకి చెప్తే నవ్వుతారు. యేసు, యెహోషువ కూడా అసలుకి ఒకే పేరు, నూను కొడుకుని హోషేయ నుంచి యెహోషువగా మార్చింది మోషే, సంఖ్యాకాండం 13లో ఉంటుంది.

పాప కాబట్టి ఆడపేర్లు కావాలి కదా, అక్కడ దేవుడి ముక్క తక్కువ, జంతువులూ చెట్లూ ఎక్కువ. దెబోరా తేనెటీగ, రాహేలు గొర్రె, సిప్పోరా పిట్ట, తామారు ఖర్జూరపు చెట్టు, తబితా లేడి. మా చెల్లి యాయేలు అనే పేరు మీద మనసు పడింది, కొండమేక అట, క్యూట్‌గా ఉందట. న్యాయాధిపతులు 4వ అధ్యాయం చదువు తల్లీ అన్నాను. చదివాక, నిద్రపోయినవాడి కణతల్లో డేరా మేకు దిగ్గొట్టినావిడ పేరా, మా అత్త చూస్తే నన్ను బతకనిస్తాదేటి అని ఫోను. ఆ అధ్యాయం చదివాకే నాకు ఆ పేరు మరీ నచ్చింది గానీ నోరు మూసుకున్నాను.

ఇంక బంధువుల సంగతి, అది లూకా 1లోనే ఉంది. ఎనిమిదో రోజున పొరుగువాళ్ళూ చుట్టాలూ వచ్చి బిడ్డకి తండ్రి పేరు జెకర్యా అనే పెట్టీబోయారు, తల్లి ఎలీసబెతు కాదు, యోహాను అని పెట్టాలి అంటే మీ వాళ్ళల్లో ఆ పేరు ఎవరికీ లేదు కదా అని ఒకటే అడగడం, చివరికి మాట పడిపోయిన తండ్రి పలక అడిగి రాస్తే గానీ ఒప్పుకోలేదు. బొబ్బిలిలో ఇప్పుడు అదే నడుస్తోంది, మామ్మ పేరు మార్త, అదే ఉంచాలని ఒక వర్గం.

నేను మాత్రం హుల్దా చెప్పి చూశాను. పేరుకి ముంగిసో పందికొక్కో లాంటి చిన్న జంతువు, అందుకే ఎవరూ ముట్టుకోరు. కానీ ఆవిడ ప్రవక్త్రి, మందిరంలో ధర్మశాస్త్ర గ్రంథం దొరికినప్పుడు దీని సంగతి యెహోవాని అడిగి రమ్మని యోషీయా రాజు పంపితే యాజకుడూ శాస్త్రీ వెళ్ళింది ఆవిడ దగ్గరికే, 2 రాజులు 22. మా రెండు జిల్లాల్లో హుల్దా అనే పేరు నేనింతవరకూ వినలేదు. మీ సంఘంలో ఎవరైనా ఉంటే చెప్పండి, మా చెల్లికి చూపిస్తాను.