వంద పెట్టెలకి ప్లేటు ఎవరేస్తారమ్మా!

ఏటికొప్పాక లక్క కుంకుమభరిణెలు, కీచెయిన్లు ఆన్‌లైన్‌లో అమ్ముతుంటాను. సరుకు ముచ్చటగా ఉంటుంది, వెళ్లేది మాత్రం పేరూ ఊరూ లేని అట్టపెట్టెలో. పేరు అచ్చేసిన పెట్టెలు చేయిద్దామని డాబాగార్డెన్స్‌లో ప్రింటింగ్ షాపులు తిరిగాను. "వంద పెట్టెలకి ప్లేటు ఎవరేస్తారమ్మా, వెయ్యి తీసుకోండి" అన్నారు. బేరమాడుతున్నారనుకున్నా. ఒక పెద్దాయన కూర్చోబెట్టి చెప్పాకే అర్థమైంది. ఆఫ్‌సెట్ అచ్చులో రంగుకో ప్లేటు, అంటే డిజైన్ ఎక్కించిన లోహపు రేకు, తయారుచేయాలి. పెట్టె కత్తిరించడానికి డై, అంటే కోత అచ్చు, వేరే. ఈ ఖర్చు వందకైనా వెయ్యికైనా ఒకటే. పోనీ వెయ్యి కొందామా అంటే, మన వైజాగ్ తేమకి నిల్వ ఉన్న అట్ట మెత్తబడిపోతుంది.

ఆయన సలహా మీదే సాదా త్రీ ప్లై (మూడు పొరల అట్ట) పెట్టెలు కొని, పేరు మాత్రం డిజిటల్ ప్రింట్ స్టిక్కర్ మీద వేయించాను. దీనికి ప్లేటు అక్కర్లేదు, ఎన్ని కావాలంటే అన్నే. లామినేషన్ మాత్రం అడిగి చేయించుకోవాలి, వానాకాలం పార్సిల్ కదా.

లోగో కంటే పెట్టె సైజే డబ్బు మిగిల్చింది. కొరియర్ వాళ్లు తూకంతో పాటు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలాచోట్ల 5000తో భాగిస్తారు. వచ్చింది కిలోల లెక్క. అసలు తూకం, ఈ లెక్క, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. నా పాత పెట్టె 25×20×15, అంటే లోపల పావుకిలో సరుకున్నా కిలోన్నర లెక్క. 15×10×10కి మారితే 300 గ్రాములే.

తెలుగు పేరు దగ్గర ఇంకో టెన్షన్. డీటీపీ సెంటర్లో వాడేది అనూ ఫాంట్లు, నేను ఫోన్లో పంపింది యూనికోడ్. రెండిట్లో అక్షరాల కోడ్‌లు వేరు. వత్తులన్నీ చెల్లాచెదురు. చివరికి అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటు అక్కర్లేని బొమ్మ గీతలుగా, మార్చిన పీడీఎఫ్ ఇస్తే కుదిరింది. డిజైన్ చేసిన కుర్రాడు అందంగా ఉంటుందని పేరు పక్కన వలయంలో ఆర్ గుర్తు పెట్టాడు. తీయించేశాను. ట్రేడ్‌మార్క్ రిజిస్టరయ్యాకే అది వాడాలి, అంతవరకు టీఎమ్ చాలు.

స్టిక్కర్‌లో సగం చోటు ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద ఏమేం రాయాలో చెప్పే 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్‌కే పోయింది: తయారీదారు లేదా ప్యాక్ చేసినవారి చిరునామా, వస్తువు పేరు, లోపల ఎన్ని ఉన్నాయో, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో ఎమ్మార్పీ, ఫిర్యాదుకి ఫోన్, ఈమెయిల్. నెల, ధర మారేవి కాబట్టి వాటిని పెద్ద స్టిక్కర్‌లో అచ్చు వేయించను. చిన్న లేబుల్ మీద వేరేగా కొట్టించి, ప్యాక్ చేసేటప్పుడు అంటిస్తున్నాను.