గాలిమర పాదాల దగ్గర ఇసుక

ఉత్తర సముద్రంలో, బెల్జియం తీరానికి దాదాపు 30 కిలోమీటర్ల దూరాన థార్న్‌టన్ బ్యాంక్ అనే ఇసుక మెట్ట నీటి అడుగున ఉంది. 2008లో అక్కడ గాలిమరలను నిలబెట్టడానికి భారీ కాంక్రీటు దిమ్మెలు దించారు. సముద్రపు గాలిమరల గురించి ఎప్పుడు చదివినా, నా ధ్యాస పైన తిరిగే రెక్కల మీద కాక ఆ దిమ్మెల పాదాల మీదే ఉంటుంది.

అక్కడిది ఆటుపోట్లకు నిత్యం కదిలే ముతక ఇసుక. అందులో దూరి బతికే పురుగులకూ చిన్న గుల్ల జీవులకూ తప్ప, గట్టిగా అతుక్కుని పెరిగే ప్రాణికి అక్కడ చోటు లేదు. అలాంటి చోట స్తంభం నిలబెట్టి, దాని మొదలు కోసుకుపోకుండా చుట్టూ బండరాళ్లు పోస్తే, కొత్తగా ఒక రాతిగుట్ట మొలిచినట్టే. నీటి మట్టానికి దగ్గరలో ఆల్చిప్పలు గుత్తులు గుత్తులుగా పడతాయి. వాటి దిగువన, రొయ్యలకు దూరపు చుట్టమైన జాస్సా అనే గోరంత జీవి మట్టి రేణువులతో సన్నని గొట్టాలు అల్లుకుని స్తంభాన్ని కప్పేస్తుంది. ఇంకా లోతున, పువ్వుల్లా కనిపించే సీ అనిమోన్ అనే జీవులు విచ్చుకుంటాయి. నీటిలో కొట్టుకొచ్చే ఆహారాన్ని పట్టి తినే ఈ జీవులన్నీ విసర్జించేది ఇసుక మీదే రాలుతుంది. ఒక దిమ్మె దగ్గర కొలిచి చూస్తే, 100 మీటర్ల దూరంలో 0.4 శాతమే ఉన్న సేంద్రియ పదార్థం 15 మీటర్ల దగ్గర 2.5 శాతం దాకా ఉంది. ఇసుక మెత్తబడింది, పురుగుల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది, రాళ్ల మధ్యకు కాడ్ చేపలు మేతకు చేరాయి.

జీవం పెరిగింది కాబట్టి మేలే జరిగిందనే మాటను నేను అంత తేలిగ్గా ఒప్పుకోలేను. పెరిగినవి చాలావరకు మెత్తటి నేలను కోరుకునే జీవులు. ముతక ఇసుకకు అలవాటుపడినవి ఆ మేరకు చోటు కోల్పోతాయి. పైగా పసిఫిక్ ఆయిస్టర్ అనే గుల్ల జీవి వంటి పరాయి జాతులకూ ఈ స్తంభాలు మజిలీలు అవుతున్నాయి. మరోవైపు, గాలిమరల మధ్య చేపల వేటను నిషేధించడంతో అడుగును దున్నినట్టు ఈడ్చే ట్రాల్ వలలూ ఆగిపోయాయి. అందువల్ల కనిపించే మార్పులో స్తంభం వల్ల వచ్చినదెంత, వల ఆగినందువల్ల వచ్చినదెంత అని విడదీయడం కష్టం.

మన దేశంలో గుజరాత్, తమిళనాడు తీరాల్లో మొత్తం 1000 మెగావాట్ల సముద్ర గాలిమరలకు 2024లో 7,453 కోట్ల రూపాయల పథకం ఆమోదం పొందింది. గాలి వేగాన్ని ఏళ్ల తరబడి కొలిచినంత శ్రద్ధగానే ఆ అడుగు మట్టినీ, దానిలోని పురుగులనూ వర్షాకాలానికి ముందూ తరువాతా, ఒకే చోట్ల నుంచి తీసి లెక్కించాలని, ఆ లెక్క మొదటి స్తంభం దిగకముందే మొదలు కావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.