రిపోర్టు ఇచ్చారా అంటే ఇచ్చారనే అంటారు

సంక్రాంతి అయిపోయాక వరసగా మూడు ఆదివారాలు సైదాపురం వైపు తిరిగాను. పలుగురాయి పగలగొట్టే పనికి, పొడి ఆడించే పనికి పోయేవాళ్లు ఉండే కాలనీ ఒకటుంది అక్కడ. అంతకుముందు ఎప్పుడో వాళ్లకు మెడికల్ క్యాంపు పెట్టి ఊపిరితిత్తుల ఎక్స్‌రేలు తీశారు. ఆ ఫలితాలు వాళ్లకు ఎలా చెప్పారు, చెప్పింది అర్థమైందా అని అడిగి రాసుకు రావడం మా పని. మా అంటే నేను, నా పాత రూమ్‌మేట్, వాడి బండి.

ఫారంలో మొదటి ప్రశ్న ఇది: పరీక్ష ఫలితాలు మీకు తెలియజేశారా? అవును, కాదు. మొదటి ఆదివారం వెళ్లిన ప్రతి ఇంట్లో అవును. మా రూమ్‌మేట్ అయితే మధ్యాహ్నానికే, పర్వాలేదురా బాగానే చేశారు అనేశాడు. నాకూ అలాగే అనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

సాయంత్రం ఒక పెద్దాయన ఇంట్లో మంచినీళ్లు తాగుతూ కూర్చున్నాం. ఏదీ ఆ కాగితం చూపించు మామా అంటే ట్రంకు పెట్టెలోంచి ఎరువుల సంచీ ప్లాస్టిక్‌లో చుట్టిన కవరు తీశాడు. రేషన్ కార్డు, పట్టా జిరాక్సు, వాటి మధ్యలో ఎక్స్‌రే ఫిల్ము, దానికి పిన్ను కొట్టిన ఒక ఇంగ్లీషు కాగితం. కాగితం కింద చేత్తో 1/1 అని, దాని పక్కన క్యూ/క్యూ అని రాసి ఉంది. ఆయన ఆ అంకెల మీద వేలు పెట్టి, "ఒకటికి ఒకటి వచ్చింది నాయనా, అంటే మొత్తం మార్కులే గదా" అన్నాడు.

దాని అర్థం నాకు కొంచెం తెలుసు కాబట్టే నోట మాట రాలేదు. ఊపిరితిత్తుల్లో దుమ్ము జబ్బుల ఎక్స్‌రేలు చదవడానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ పెట్టిన కొలత అది. మచ్చలు ఎంత దట్టంగా ఉన్నాయో సున్నా నుంచి 3 దాకా వేస్తారు. మొదటి అంకె డాక్టరు తేల్చినది, రెండోది తేల్చేముందు అదా ఇదా అని ఆలోచించినది. 1/1 అంటే అనుమానం లేకుండా ఒకటో మెట్టు. క్యూ అంటే మచ్చల సైజు, ఒకటిన్నర నుంచి 3 మిల్లీమీటర్లు. ఆవగింజలంత గుండ్రటి మచ్చలు ఆయన ఊపిరితిత్తుల్లో ఉన్నాయని ఆ కాగితం చెబుతోంది. ఆయనేమో దాన్ని పట్టా కాగితంతో సమానంగా దాచుకున్నాడు.

పలుగురాయి అంటే దాదాపు అంతా సిలికానే. కంటికి కనిపించి ఒంటి మీద పేరుకునే దుమ్ము కంటే, కనపడనంత సన్నటి పొడి ప్రమాదం, అదే ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. ఆ పొడితో వచ్చే జబ్బే సిలికోసిస్, అది వచ్చాక వెనక్కి తిప్పే మందు లేదు. దుమ్ములో పని ఆపాలి, బీడీ మానాలి, టీబీ ఉందేమో చూపించుకోవాలి, ఎందుకంటే సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ తొందరగా పట్టుకుంటుంది. రిపోర్టుతో పాటు చెప్పాల్సింది ఇంతే, నాలుగు ముక్కలు. ఆ కాగితంలో అవి కూడా లేకపోలేదు, ఇంగ్లీషులో ఉన్నాయి.

మార్కులు కాదు మామా అన్నాను. మరి రాసినాయన నాకెందుకు చెప్పలా అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

రెండో ఆదివారం మొదటి ప్రశ్న కొట్టేసి, ఆ కాగితంలో ఏముందో మీ మాటల్లో చెప్పండి అని పెట్టాం. అంతే, మొత్తం తారుమారైంది. ఒకాయన నెమ్ము అన్నాడు. ఇంకొకాయన టీబీ అన్నారని ఆర్నెల్లు మాత్రలు మింగాడు, కళ్లెలో ఏమీ దొరకలేదని కూడా ఆయనే చెప్పాడు. ఒక కుర్రాడు, "ఏమీ లేదంటేనే మళ్లీ పనికి రమ్మంటారు సార్, అందుకే నేనేమీ అడగలా" అన్నాడు. అసలు రిపోర్టులన్నీ ఒక కట్టగా మేస్త్రీ చేతికి వచ్చాయట, పని దగ్గరే పేర్లు పిలిచి పంచాడట. మేస్త్రీ మంచోడే కావచ్చు. కానీ మన గుండెలో ఏముందో ఎవరైనా ముందు మేస్త్రీకి చెబుతారా?

మొదటిరోజు అందరూ అవునని ఎందుకన్నారో కూడా అప్పుడే తట్టింది. మమ్మల్ని ఇళ్లు చూపిస్తూ తిప్పింది ఆ మేస్త్రీ తమ్ముడే. బుద్ధి తక్కువ మాకు.

చట్టం లేదా అంటే ఉంది. భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత 1987లో పాత ఫ్యాక్టరీల చట్టానికి 111-ఏ సెక్షన్ చేర్చారు, తన ఆరోగ్యానికి, భద్రతకు సంబంధించిన సమాచారం యజమాని దగ్గర అడిగి తీసుకునే హక్కు కార్మికుడిదని. ఇప్పుడు 2025 నవంబర్ 21 నుంచి కార్మికుల భద్రత, ఆరోగ్యం మీద కొత్త చట్టం, కోడ్ అంటారు దాన్ని, అమల్లోకి వచ్చింది, ఉచితంగా ఏటా వైద్య పరీక్ష అంటున్నారు. పరీక్ష చేస్తారు సరే. చేశాక ఎవరు, ఏ భాషలో, ఎవరి ముందు చెప్తారు అన్నదగ్గరే నాకు అనుమానం. అమెరికాలో నియోష్ అని ఒక ప్రభుత్వ సంస్థ ఉంది, 1970 చట్టంతో పుట్టింది, అది తన అధ్యయనాల్లోకి తీసుకున్న కార్మికులకు ఏం తేలిందో ఉత్తరాలు రాసి చెబుతుంది. మన దగ్గర ఉత్తరం ఒక్కటే చాలదు, చదివి పెట్టే మనిషి కూడా రావాలి.

ఎలా చెబితే బాగుంటుంది అన్న ప్రశ్నకు పనికొచ్చే జవాబులన్నీ ఆడవాళ్లే ఇచ్చారు. ఒకామె అంట్లు తోముతూనే, "ఆయనకు చెప్తే ఇంటికొచ్చేలోపల మర్చిపోతాడు, మర్చిపోకపోయినా నాకు చెప్పడు, నా ఎదురుగా చెప్పండి" అంది. ఇంకొకామె పగలు రావద్దంది, పనిచోట అసలే వద్దంది.

మూడో ఆదివారం పెద్దాయన దగ్గరికి మళ్లీ వెళ్లాం, ఈసారి మేస్త్రీ తమ్ముడు లేకుండా. కాగితం వెనక తెలుగులో పెద్ద అక్షరాలతో రాయమన్నాడు. దుమ్ము పనికి పోకూడదు అని రాశాను. మనవరాలు కూడబలుక్కుని పైకి చదివింది. ఆయన విని, "మరి యాడికి పోవాలో కూడా రాయి నాయనా" అన్నాడు. దానికింద టీబీ పరీక్ష చేయించుకోవాలి అని మాత్రం రాసి ఇచ్చాను.

వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం. నెల్లూరులో ఊపిరితిత్తుల డాక్టరు ఎవరైనా తెలిసుంటే చెప్పండి, ఒక సాయంత్రం వచ్చి ఇంటింటికీ ఎక్స్‌రే చూసి తెలుగులో చెప్పిపోతే చాలు. ఆరు దాటాక రావాలి, అప్పటికిగానీ మనుషులు ఇళ్లకు చేరరు. బండి మేం తెస్తాం.