గిర్నీ పిల్లవాడి బాల్యం

ఇంగ్లండు జానపద గాథల్లోని బందిపోటు వీరుడు రాబిన్‌హుడ్ కథలోని పాత్రలకు పూర్వకథలు అల్లడం కొన్నాళ్లుగా నాకు అలవాటైంది. రాబిన్ ప్రేయసి మేరియన్ జోలికి పోలేదు. అతి పాత గాథల్లో ఆమె అసలు కనిపించదు. నా మనసు నిలిచింది రాబిన్ ముఠాలోని మచ్ దగ్గర. గాథలు అతన్ని ‘మిల్లరు కొడుకు’ అని మాత్రమే పిలుస్తాయి. మధ్యయుగపు ఇంగ్లండులో చాలాచోట్ల రైతులు ప్రభువు మిల్లులోనే ధాన్యం పట్టించుకొని, అందులో కొంత సుంకంగా వదులుకోవలసి వచ్చేది కనుక, మిల్లు నడిపేవాడంటే ఊరికి అనుమానమే.

హనుమకొండలో మా వీధి గిర్నీ ముందు కూర్చుని ఆ అనుమానాన్ని దగ్గరగా చూశాను: కనురెప్పల దాకా పిండి పేరుకున్న కుర్రవాడు డబ్బాను త్రాసు మీద పెడుతుంటే, ఒక పెద్దమ్మ ముల్లు మీంచి చూపు తిప్పలేదు.

అయితే చిక్కంతా వేరేచోట ఉంది. 15వ శతాబ్దపు ఒక గాథలో అదే ముఠాలోని లిటిల్ జాన్ ఒక క్రైస్తవ సన్యాసిని చంపగా, ఆ సన్యాసి వెంట ఉన్న చిన్న పరిచారకుణ్ణి, ఎక్కడ చెప్పేస్తాడోనన్న భయంతో, మచ్ చంపేస్తాడు. ఆ చేతులకు తగిన బాల్యం కావాలి. మచ్ తండ్రి తూకంలో మోసాన్ని ఒక పసివాడు ఊరందరి ముందు బయటపెట్టినట్టు రాశాను. ఆ పసివాడికి పేరింకా పెట్టలేదు.