ఆ మట్టి మీదే మళ్ళీ

గత అక్టోబరులో, అమెరికా మెక్సికోల సరిహద్దులోని సోనోరా ఎడారిలో వీచిన ఒక దుమ్ముగాలి నన్ను ఐదు నెలలపాటు మంచాన పడేసింది. ఆ నేలలో కాక్సిడియోయిడిస్ అనే శిలీంధ్రం బతుకుతుంది. మట్టి కదిలినప్పుడు దాని సూక్ష్మబీజాలు గాలిలోకి లేచి ఊపిరితిత్తుల్లో చేరతాయి. ఆ జబ్బును వ్యాలీ ఫీవర్ అంటారు. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. నన్ను మొదట చూసిన డాక్టరుకు నాకంటే ఆలస్యంగా తెలిసింది.

ఆయన రెండుసార్లు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. శిలీంధ్రం మీద అవి పనిచేయవు. మూడోసారి వెళ్ళినప్పుడు నా ముఖం వైపు చూడకుండానే, నాకున్నది జబ్బుకంటే ఆందోళనే ఎక్కువని, మనసును వేరే వ్యాపకం మీదకు మళ్ళించుకోమని చెప్పి పంపించారు. ఆ మాటను నేనూ నమ్మడమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. రాత్రిళ్ళు చెమటకు దుప్పటి తడిసిపోతున్నా, ఇదంతా నా భ్రమే కాబోలు అనుకుని మా వారిని లేపకుండా పడుకున్నాను.

ఆ తరువాతి వారం ఆసుపత్రిలో ఒక రాత్రి, నర్సు నా మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టే ఉండి, నిజానికి నా ఊపిరి లెక్కపెట్టింది. నిమిషానికి 34. మన పెద్దలు రోజుకు 21,600 శ్వాసలని లెక్కగట్టి, ఒక్కొక్కటీ ఒక హంస మంత్రమన్నారు. అంటే నిమిషానికి 15. ఆయువును ఏళ్ళతో కాక ఊపిరులతో కొలిచే ఆ నమ్మకం చిన్నప్పుడు విన్నదే అయినా, నా వంతు రెట్టింపు వేగంతో ఖర్చయిపోతోందన్న భయం ఆ రాత్రంతా నన్ను కన్ను మూయనివ్వలేదు. దుమ్ములో తిరిగారా అని నన్ను మొట్టమొదట అడిగిన మనిషి ఆ నర్సే. రక్తపరీక్ష ఆ ప్రశ్న వల్లే జరిగింది. ఆమెకు నేను సరిగా కృతజ్ఞత కూడా చెప్పుకోలేదు.

తరువాత నెలల తరబడి శిలీంధ్రాన్ని అణిచే ఫ్లుకొనజోల్ మాత్రలు, పగిలిన పెదవులు, ఊడిన జుట్టు.

మొన్న ఏప్రిల్ సాయంత్రం, గాలి లేని సమయం చూసుకుని, మా వారితో కలిసి ఆ ఎడారిలోకే నడిచాను. పాలో వెర్డే చెట్లు పసుపు పూలతో నిండిపోయి ఉన్నాయి. నీరు లేనప్పుడు అవి ఆకులు రాల్చేసి, ఆకుపచ్చని బెరడుతోనే ఆహారం తయారు చేసుకుంటాయి. మంచం మీద నేను గడిపిన నెలలు కూడా అలాంటివే అనిపించి, ఒక చెట్టు మొద్దు మీద చేయి వేసి చాలాసేపు నిలబడ్డాను. నన్ను చంపబోయిన మట్టీ ఈ పూలను ఇచ్చిన మట్టీ ఒకటే. దానిమీద కోపం రాలేదు. ఆ డాక్టరు మీద మాత్రం ఇంకా ఉంది. దేవుడి ఎదుట అబద్ధం చెప్పలేను.

ఈ శిలీంధ్రం ఉండే ఎడారి ప్రాంతానికి వెళ్ళివచ్చాక దగ్గు, జ్వరం, అలసట వారాల తరబడి తగ్గకపోతే వ్యాలీ ఫీవర్ రక్తపరీక్ష చేయమని మీరే అడగండి. మొదటిసారి ఏమీ తేలకపోయినా మళ్ళీ అడగండి. ఇది మనిషి నుంచి మనిషికి అంటదు కనుక ఇంట్లోవారిని దూరం పెట్టనక్కరలేదు.

పొద్దు వాలగానే పొడిగాలిలోని వేడి త్వరత్వరగా తగ్గిపోయింది. ఒక రాతి మీద కూర్చున్నాక మా వారు గడియారం చూస్తూ నా ఊపిరి లెక్కపెట్టారు. పదహారు అన్నారు. అంతలో దూరాన కొంచెం దుమ్ము లేచింది. ఇద్దరం మాట్లాడకుండా మాస్కులు పెట్టుకుని వెనుదిరిగాం.